సందు వైపు తలుపు

బందరులో ఒక టైల్స్ షాపులో ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో నన్ను అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: "ఎన్ని పడతాయండీ?" ఒకే ఒక్కసారి ఒక పెద్దమనిషి వేరే ప్రశ్న అడిగారు: "చెయ్యమంటావా, వద్దంటావా?" ఆ ఒక్కసారీ నేను చాలా ధైర్యంగా, స్కేలు పెట్టి గళ్ళు గీసి మరీ, తప్పు జవాబు చెప్పాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కొలతల గురించే అడుగుతుంటారు. కొలతలు పుస్తకాల్లో దొరుకుతాయి. నేను చెప్పేది ఆ తప్పు గురించి.

నేను చదివింది ఏడో తరగతి. రోజూ గూడూరు నుంచి బస్సులో వచ్చి బిల్లులు రాసేదాన్ని. మొదట్లో టైల్స్ లెక్క తాపీ మేస్త్రీలే చెప్పేవారు. ఒకాయన నాలుగు వందలు కావాలని పట్టుకెళ్ళి, నెల తరవాత తొంభై వెనక్కి తెచ్చాడు. మా ఓనరు గారు తీసుకోనన్నారు. ఆ మనిషి కౌంటరు ముందు అట్టపెట్టెల మీద కూలబడి "గోడ ఇంత చిన్నదని నాకు ఎవరు చెప్పారండీ?" అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. ఒక కొలత టేపు కొనుక్కుని, పాత బిల్లు పుస్తకాల వెనక పేజీల మీద గోడల బొమ్మలు వేసుకుని, తలుపులూ కిటికీలూ తీసేసి, మూలల్లో విరిగేవి కలుపుకుని, నాకు నేనే నేర్చుకున్నాను. నాలుగైదేళ్ళు తిరిగేసరికి "టేపు మేడమ్ ఉన్నారా?" అని అడిగి మరీ వచ్చేవారు జనం.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. బట్టల మీద అద్దకానికి టేకు చెక్కతో అచ్చులు చెక్కే సాహెబు గారు ఒకాయన షాపుకి వచ్చారు. ఇల్లు అమ్ముతున్నానన్నారు. కారణం కూడా దాచలేదు. ఆయన పనిచేసే షెడ్డు అద్దెది. ముప్పై ఏళ్ళుగా అందులోనే చెక్కుతున్నారు. ఆయనతో పాటు మరో నలుగురు. షెడ్డు సొంతదారు దాన్ని అమ్మకానికి పెట్టి, ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడట. ఆ తరవాత ఎరువుల గోడౌనుకి ఇచ్చేస్తాడు. సాహెబు గారికి ఉన్నది ఇల్లొకటే. అది అమ్మి షెడ్డు కొనుక్కుని, దాని వెనక ఉన్న రెండు గదుల్లోకి మారిపోవాలని ఆయనా, వాళ్ళావిడా అనుకున్నారు.

"వేరే చోటికి మార్చుకోవచ్చు కదా బాబాయి గారూ?" అన్నాను.

"నేనొక్కణ్ణి మారొచ్చమ్మా. మిగతా నలుగురూ నలుగురి దారీ పడతారు. ఒకడు అప్పుడే గుడివాడలో ఫర్నిచరు షాపువాడితో మాట్లాడుకుంటున్నాడు. కుర్చీకాళ్ళు చేస్తాడట!" అన్నారు. ఆ 'కుర్చీకాళ్ళు' అన్న తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇల్లు చూడ్డానికి ఇద్దరు వచ్చారట. ముందు గదులు చూసి బాగున్నాయన్నారు, వంటిల్లు చూసి బాగుందన్నారు, బాత్‌రూము చూసి, వీధి గేటు కూడా వెయ్యకుండా వెళ్ళిపోయారు. అందుకని ఆయన అడిగింది ఇది: అమ్మేముందు బాత్‌రూము మార్పించాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మెయ్యాలా?

నాకు ఎంత ఉత్సాహం వచ్చిందో చెప్పలేను. ఎన్ని పడతాయని కాదు, చెయ్యాలా వద్దా అని! మర్నాడే టేపు పట్టుకుని వెళ్ళాను.

ఇల్లు వీధి గుమ్మం నుంచి వెనక దాకా పొడుగ్గా ఉంటుంది. బాత్‌రూము అన్నిటికన్నా వెనక, ఇంటికి ఆనుకుని ఉంటుంది కానీ ఇంట్లోంచి దారి లేదు. పెరట్లోకి దిగి వెళ్ళాలి. దానికి ఇంకో తలుపు పక్క సందులోకి ఉంది. లోపల తొమ్మిదడుగులూ ఏడడుగులూ. అందులో ఐదో వంతు సిమెంటు తొట్టే: నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, రెండున్నర లోతు. ఎనిమిది వందల యాభై లీటర్లు పడుతుందని అక్కడే నోటితో లెక్క వేసి చెప్పాను. సాహెబు గారు మురిసిపోయారు. వాళ్ళావిడ మురిసిపోలేదు.

"దాన్ని కడగాలంటే లోపలికి దిగాలి. ఆయన ఎప్పుడైనా దిగారేమో అడుగు," అందావిడ.

"చల్లగా ఉంటాయమ్మా నీళ్ళు," అన్నారు ఆయన.

"నాకు మోకాళ్ళు కూడా చల్లగానే ఉన్నాయి."

నేను నా పద్ధతిలో పనిలోకి దిగాను. ఆ చుట్టుపక్కల ఆ రెండేళ్ళలో అమ్ముడుపోయిన ఇళ్ళు ఏవో కనుక్కున్నాను. పదకొండు తేలాయి. రెండు ఆదివారాలు తిరిగి ఒక్కో ఇంటి గుమ్మం ఎక్కి, కొన్నవాళ్ళని అడిగాను. పడగ్గదికి ఆనుకుని బాత్‌రూము ఉందా? టైల్స్ ఉన్నాయా? లేకపోతే కొనేవారా? పదకొండింట తొమ్మిది మంది లేకపోతే కొనేవాళ్ళం కాదన్నారు. వాళ్ళంతా ఎవరని మీరడిగితే, బ్యాంకులో, బడిలో, కరెంటాఫీసులో పనిచేసేవాళ్ళు. ఆ సంగతి రాసుకోలేదు. నా గళ్ళలో దానికి గడి లేదు.

సాహెబు గారి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళ గురించి కూడా ఒక పేజీ పెట్టాను. ఇద్దరు అని ఆయన చెబుతుంటే వాళ్ళావిడ "ఆ చేపలావిడ?" అంది. ఆయన చెయ్యి ఊపేశారు. కిందటి నెలలో ఎవరో చేపల వ్యాపారం చేసే ఆవిడ సందులోంచే వచ్చి, బాత్‌రూములో నిలబడి, తొట్టి చూసి, తలుపు రెండుసార్లు తీసి వేసి, ధర అడిగి, మళ్ళీ వస్తానని సందులోంచే వెళ్ళిపోయిందట. నేను మూడో వరసలో ఆవిణ్ణి రాశాను. 'ఇల్లు చూడలేదు' అని పక్కన రాసి, వరస మొత్తం కొట్టేశాను. కొట్టేసింది ఎర్రసిరాతో. ఆ మాత్రం శుభ్రంగా పనిచేస్తే గొప్ప అనుకునే వయసు.

లెక్క తేలింది: చెయ్యాలి. సందు తలుపు పీకేసి గోడ కట్టెయ్యాలి. తొట్టి పగలగొట్టాలి. పడగ్గది గోడకి దారి కొట్టి తలుపు పెట్టాలి. గోడలకి ఏడడుగుల ఎత్తు టైల్స్, మూడు వందల ముప్పై. పది రోజుల పని. నెలాఖరుకి పన్నెండు రోజులుంది.

"పది రోజుల్లో బాత్‌రూమొస్తుంది, రెండ్రోజుల్లో మనిషొస్తాడా?" అన్నారు సాహెబు గారు.

"తొమ్మిది మంది చెప్పారు బాబాయి గారూ," అన్నాను. తొమ్మిది మందీ గుమ్మం ముందు వరసలో నిలబడి ఉన్నట్టే.

వాళ్ళావిడ నవ్వి, "ఇరవై రెండేళ్ళు నేనడిగాను. రాలేదు. ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం టైల్స్ వేయిస్తున్నారు. కనీసం ప్రారంభోత్సవానికి నన్ను పిలవండి," అంది.

మా ఓనరు గారికి ఈ కబురు తెలిసి, "భేష్! ఇలాంటివి నెలకి రెండు తీసుకురా," అన్నారు. అప్పుడు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. టైల్స్ అమ్మే షాపులో కూర్చుని 'చెయ్యాలి' అనడం ఎంత తేలికో మీకూ తెలిసే ఉంటుంది. నేను అమ్మకం కోసం చెప్పలేదు. కానీ 'వద్దు' అని తేలితే ఇంకోసారి లెక్క చూసుకునేదాన్నేమో! 'చెయ్యాలి' అని తేలింది కాబట్టి ఒక్కసారితో సరిపెట్టాను.

పని మొదలైంది. తాపీ మేస్త్రి మాకు పాతవాడు, పనిమంతుడు, నోరు ఊరుకోదు. ముందు సందు తలుపే మూస్తానన్నాడు. ద్వారబంధం పీకాక ఇల్లు బార్లా తెరిచి ఉండకూడదని. మొదటి రోజు సాయంత్రానికి గోడ లేచింది. పైన రెండు వరసలు మాత్రం తడి ఆరాక కడతానని వదిలేశాడు. ఆ రోజే టైల్స్ పెట్టెలు కూడా దిగాయి.

రెండో రోజు పొద్దున పది గంటలకి నేను పడగ్గది గోడ మీద సుద్దముక్కతో కొత్త దారికి గీతలు గీసి బాత్‌రూములోకి వచ్చాను. మేస్త్రి తొట్టి ముందు నిలబడి పెద్ద సుత్తి ఎత్తాడు. అప్పుడు గోడ అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏవండీ! ఇంట్లో ఎవరండీ? ఇక్కడ తలుపుండాలి కదా, ఏమైందండీ?"

మేస్త్రి సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, "కట్టేశామమ్మా! ఎవరు కావాలి?" అని అరిచాడు.

"తలుపు కావాలి."

"తలుపు కావడమేంటమ్మా? వీధి వైపు పెద్ద గుమ్మం ఉంది. అటు నుంచి రా."

"రేవు నుంచి ఇటే వస్తున్నానయ్యా. ఒంటి నిండా చేపల నీళ్ళు. ఈ అవతారంతో ఒకళ్ళింటి హాల్లోంచి నడిచొస్తానా? మీ ఇంట్లో అయితే రానిస్తావా?"

"మా ఇంట్లో హాలు లేదమ్మా."

"సరేగానీ, తొట్టి ఉందా? పగలగొట్టలేదు కదా?"

మేస్త్రి నావైపు చూశాడు. నేను సుత్తి వైపు చూశాను. అది మెల్లగా కిందికి దిగింది.

అవతల ఏదో మోపెడ్ స్టాండు వేసిన చప్పుడు. "ఒరే అబ్బాయ్, బండి గట్టిగా పట్టుకో. కదిలిందంటే చెబుతా నీ పని," అని ఎవరినో అదిలించింది. మరు నిమిషంలో మేస్త్రి వదిలేసిన ఆ రెండు వరసల సందులోంచి ఒక మొహం పైకి లేచింది. నలభై ఏళ్ళుంటాయి. పెద్ద బొట్టు, నుదుటికి అతుక్కున్న జుట్టు. మోపెడ్ సీటు మీద నిలబడిందన్నమాట. కింద పట్టుకున్నవాడు ఆవిడ మరిదట. కళ్ళు నేరుగా తొట్టి మీదికే వెళ్ళాయి. "హమ్మయ్య," అంది.

నేను తొట్టి గట్టు ఎక్కి, ఆవిడకి ఎదురుగా నిలబడ్డాను. ఇటుకలకి అటు ఒక తల, ఇటు ఒక తల.

"కిందటి నెల వచ్చింది మీరేనాండీ? ఇల్లు చూడకుండానే వెళ్ళిపోయారట కదా?"

"ఇల్లేం చూడాలండీ? గదులు ఎవరింట్లోనైనా గదులే. మాది కృత్తివెన్ను వైపు. ఇక్కడ అద్దెకుంటున్నాం. నేను తెల్లారకముందే రేవుకెళ్ళి సరుకు వేలం పాడుకుని, గుడివాడ బండి ఎక్కించి, ఈ వేళకి ఇంటికొస్తాను. స్నానం చేశాకే ఇంట్లోకి అడుగుపెట్టడం మాకలవాటు. మా అమ్మా అంతే, మా అత్తా అంతే. ఇప్పుడున్న ఇంట్లో బాత్‌రూము పడగ్గదిలో ఉంది. టైల్స్, అద్దం, అన్నీ ఉన్నాయి. ఏం లాభం? గంపతో హాల్లోంచి నడిచి, దేవుడి పటం ముందు నుంచి పడగ్గదిలోకెళ్ళి చెయ్యాలి స్నానం. నా వెనకాలే ఓనరమ్మ ముక్కు మూసుకుని ఫినాయిలు పోసుకుంటూ వస్తుంది. నాలుగు ఇళ్ళు మారానండీ బందరులో. ఇంతకాలానికి, సందులోంచి వచ్చి, కడుక్కుని, మనిషిలా ఇంట్లోకెళ్ళే ఇల్లు ఒకటి కనబడింది. ఊళ్ళో పొలం బేరం తేలేదాకా ఆగి, డబ్బు చేతికొచ్చాక ఇవాళ వచ్చాను. వచ్చేసరికి గోడ!"

పదకొండు ఇళ్ళు తిరిగాను. ఏ ఇంట్లో ఏముందని అడిగానే గానీ, ఆ ఇంటికి ఎవరు ఎక్కణ్ణించి ఏ వేళకి వస్తారని ఒక్కరినీ అడగలేదు. నేనూ చెమటతో, బస్సు దుమ్ముతో ఇంటికొచ్చే ఆడమనిషినే. అయినా తట్టలేదు.

ఈ మాటలకి సాహెబు గారూ, వాళ్ళావిడా పెరట్లోకి వచ్చారు. నేను దిగి వాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పాను.

"బాబాయి గారూ, పని ఆపించండి. నేను తప్పు లెక్క వేశాను. ఈ తలుపు తెరిపించి, తొట్టి అలాగే ఉంచండి."

"అయితే నా బాత్‌రూమో?" అంది వాళ్ళావిడ.

సాహెబు గారు మాత్రం నవ్వలేదు. "ఆవిడ చూసి, మాట్లాడి, వెళ్ళిపోతే? నిన్నొక రోజు పోయింది. మళ్ళీ తెరిస్తే ఇవాళా పోతుంది. ఆ తరవాత నీ పది రోజుల పనీ చేయించుకోలేను, షెడ్డూ దక్కదు. ఆవిడ కొంటుందని నీకేమిటమ్మా నమ్మకం? మొన్న తొమ్మిది మంది అన్నావు. ఇవాళ ఒక్కరంటున్నావు."

ఆయన అడిగింది న్యాయం. నా దగ్గర లెక్కేమీ లేదు. ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది చెప్పేశాను.

"ఇంతకు ముందొచ్చిన ఇద్దరూ వెళ్తూ వెళ్తూ వీధి గేటు కూడా వెయ్యలేదని మీరే చెప్పారు. ఈవిడ గోడెక్కి మరీ చూస్తోంది."

ఆయన తలెత్తి చూశారు. గోడ పైన మొహం అలాగే ఉంది. అంతా విన్నట్టుంది. "లోపలికి రానిస్తే మాట్లాడుకుందామండీ. ఇలా బండి మీద నిలబడి ఇంటి బేరం ఎంతసేపు ఆడతాను?" అంది.

సాహెబు గారు చొక్కా చేతులు పైకి మడిచి, "మేస్త్రీ, ఆ గడ్డపార ఇలా ఇవ్వు," అన్నారు.

"మీరెందుకండీ! కట్టిన పాపం నాదే కదా."

"నాకే కావాలి."

మొదటి పోటుకి పై వరస కదిలింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. అవతలి నుంచి ఆవిడా, ఆవిడ మరిదీ ఇటుకలు లాగుతున్నారు. ఇవతలి నుంచి మేమూ. సాహెబు గారి గెడ్డం నిండా ఎర్రదుమ్ము. వాళ్ళావిడ "నెమ్మదండీ, నడుము!" అని కేకలేస్తూనే, ఊడిన ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. నా పమిటచెంగులో సుద్దముక్క ఎప్పుడు నలిగిపోయిందో తెలియదు.

"ఇంత తేలిగ్గా ఊడుతోందేమిటయ్యా నీ గోడ?" అంది చేపలావిడ.

"మీరు వస్తారని తెలిసే కట్టానమ్మా," అన్నాడు మేస్త్రి.

మనిషి పట్టేంత ఖాళీ కాగానే ఆవిడ గంప సందులోనే వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. తొట్టిలో చెంబు ముంచి కాళ్ళ మీద పోసుకుంది. ఇంకో చెంబు. మోచేతుల దాకా కడుక్కుంది. మొహం కడుక్కుంది. నీళ్ళు ఎటు పోతున్నాయో తూము దాకా చూసింది. అప్పుడు మా వైపు తిరిగి, "ఇప్పుడు చూపించండి మీ ఇల్లు," అంది.

సాహెబు గారి భార్య ముందు నడిచింది, ఆవిడ వెనక. పడగ్గదిలో నా సుద్ద గీతలు చూసి "ఇదేమిటి?" అని అడిగిందట. "మా టేపు మేడమ్ ముగ్గేసింది," అని చెప్పిందట పిన్నిగారు.

బేరం వంటింట్లో ఆడవాళ్ళిద్దరి మధ్యే జరిగింది. పీకేసిన తలుపుకి కొంత తగ్గించమని ఆవిడ. తలుపు పెరట్లోనే ఉంది, కావలిస్తే ఇప్పుడే బిగిస్తాం, తొట్టి చూశావా ఎక్కడా పగులు లేదు అని ఈవిడ. నేను ఇంట్లోకి వెళ్ళి 'ఎనిమిది వందల యాభై లీటర్లు' అని చెప్పబోతే ఇద్దరూ ఒకేసారి "నువ్వుండు," అన్నారు. చివరికి ధర దాదాపు అడిగినంతకే కుదిరింది.

"మా అత్తగారు పెద్దావిడ. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే కమోడు ఒకటి పెట్టించుకుంటాను. వచ్చిన టైల్స్ కూడా ఇచ్చేస్తే తొట్టి చుట్టూ వేయించుకుంటా," అందావిడ.

"ఇల్లు నీది. టైల్స్ నావి. షెడ్డు వెనక గదుల్లో వేయించుకుంటాను. ఆయన్ని అడగక్కర్లేదు, నేనే చెబుతున్నా," అంది పిన్నిగారు.

ఆవిడ రొంటిన ఉన్న సంచీ విప్పి అడ్వాన్సు ఇచ్చింది. స్టాంపు కాగితం మధ్యాహ్నం రాసుకుందామని, మళ్ళీ సందులోంచే బయటికెళ్ళింది. మేస్త్రి పెరట్లో ఉన్న ద్వారబంధం ఎత్తుకొచ్చి, ఎక్కణ్ణించి పీకాడో అక్కడే నిలబెట్టి, నిటారుగా ఉందో లేదో తూకం చూస్తున్నాడు.

సాహెబు గారు దుమ్ము దులుపుకోలేదు, మొహం కడుక్కోలేదు. ఎర్రటి గెడ్డంతోనే సైకిలు తీశారు. "నువ్వూ రా అమ్మా. నేనొక్కణ్ణే చెబితే నమ్మరు," అన్నారు. మేస్త్రి సైకిలు తీసుకుని వెనకే తొక్కాను. ముందు షెడ్డు సొంతదారు బియ్యం కొట్టుకి వెళ్ళాం. ఆయన సాహెబు గారి అవతారం చూసి ఎక్కడో ఇల్లు కూలిందనుకుని లేచి నిలబడ్డాడు. అడ్వాన్సు చేతిలో పెట్టాక కూర్చున్నాడు. రెండు ముక్కల్లో రసీదు రాసిచ్చాడు.

అక్కణ్ణించి షెడ్డు పక్కనే. లోపల నలుగురూ ఉన్నారు, పని మాత్రం లేదు. ఇల్లు అమ్ముడుపోదనుకున్నారేమో, ఉలులన్నీ కడిగి గుడ్డలో చుట్టేశారు. అచ్చులు గోనెసంచుల్లోకి ఎక్కించి మూతులు పురికొసతో కట్టేశారు. ఎవరి సంచీ ఎవరు తీసుకెళ్ళాలో అప్పటికే పంచుకున్నట్టున్నారు. అందరిలోకీ పెద్దాయన ఒక్కడే ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

సాహెబు గారు గుమ్మంలో నిలబడి రసీదు చూపించారు. ఎవరికీ అర్థం కాలేదు. నన్ను చూశారు. నేను "షెడ్డు ఆయన కొన్నారండీ. అడ్వాన్సు ఇప్పుడే ఇచ్చాం," అన్నాను. గొంతు మామూలుగా వచ్చిందో, అరిచానో!

"సంచులు విప్పండి," అన్నారు సాహెబు గారు.

పెద్దాయన పురికొస ముడి చేత్తో విప్పబోయి, రాక, పళ్ళతో కొరికేశాడు. పూలూ, తీగలూ, మామిడిపిందెలూ, నెమళ్ళూ, నూనె తాగి నల్లబడ్డ అచ్చులు ఒక్కొక్కటే బల్లల మీదికి వస్తున్నాయి. గుడివాడ వెళ్ళాల్సినవాడు అందరికన్నా తొందరగా పేరుస్తున్నాడు. నేను కూడా ఒక సంచీ ముందు చతికిలబడి తీసివ్వడం మొదలుపెట్టాను. ఆఖరి సంచీ అడుగు దాకా తీశాక లేచాను. మొత్తం రెండు వందల పదహారు అచ్చులు. ఆ లెక్క నన్ను ఎవరూ అడగలేదు.